మేనేజరు గారి కర్రకు సాన

శనివారం పొద్దున్నే వెంకటరావమ్మ మనసులో అనుకున్న పనులు ఎక్కువేమీ కావు. కత్తిపీట, రెండు కొడవళ్లు, గొడ్డలి గోతంలో చుట్టుకుని కమ్మరి బుల్లయ్య దగ్గరికెళ్లి సాన పట్టించుకురావాలి. వచ్చే దారిలో కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని ఒకసారి తిరగదోయాలి. ఆ తర్వాత కాసేపు నడుం వాల్చాలి. ఈ చివరి పనిని ఆమె పదిహేనేళ్లుగా అనుకుంటూనే ఉంది.

ఆమెకు భయపడటం ఊపిరి పీల్చడంతో సమానం. మబ్బు పడితే కల్లంలో కాయలు తడుస్తాయని భయం, మబ్బు లేకపోతే వడదెబ్బ భయం. కొడుకు ఇంటికి ఆలస్యంగా వస్తే లారీ కింద పడ్డాడేమోనని, తొందరగా వస్తే ఉద్యోగం పోయిందేమోనని. ఐదో తరగతి దాకా చదివింది కాబట్టి పేపరు కూడబలుక్కుని చదవగలదు. పేపరు చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆమె భయాలకు ఊళ్ల పేర్లు, తేదీలు కూడా చేరాయి.

గోతం మూతి కడుతుంటే పెరట్లో ధబ్బుమని చప్పుడైంది. గేదె బెదిరి కట్టుకొయ్య చుట్టూ తిరిగింది.

"అంజయ్యా! ఏందిరా ఆ చప్పుడు?"

వంటింటి గోడ కోసం తోలించిన ఇసుక కుప్ప మీద ఆమె ఒక్కగానొక్క కొడుకు రామాంజనేయులు నిలబడి ఉన్నాడు. చేతిలో పొడుగాటి కర్ర. దాని చివర అరచెయ్యంత ఇనుప ముద్ద, వెన్ను విరిచినట్టు వెనక్కి వాలి ఉంది. కాళ్ల ముందు ఇసుకలో సగం కూరుకుపోయిన తెల్లటి చిన్న బంతి. వాడు కర్ర ఎత్తి బలంగా కొట్టాడు. ఇసుక లేచి గేదె కుడితి తొట్లో పడింది. బంతి ఉన్నచోటే ఉంది.

"ఏం చేస్తున్నావురా నాయనా?"

"బంతిని బయటికి కొడుతున్నానమ్మా."

"అది అక్కడే ఉందిగా?"

"కనపడుతూనే ఉందమ్మా."

"వంగి చేత్తో తీస్తే పోలా?"

"చేత్తో తీస్తే ఒప్పుకోరు. ఈ కర్రతోనే లేపాలి. అదీ బంతిని కొట్టకూడదు. బంతికి రెండంగుళాలు వెనక ఇసుకని కొట్టాలి. ఇసుక లేస్తే దాంతోపాటు బంతి లేవాలి."

కావలసిన దాన్ని వదిలేసి పక్కదాన్ని కొట్టమనే పని ఎలాంటి పనో వెంకటరావమ్మకు అర్థం కాలేదు. కాని అది మిల్లు వాళ్లు చెప్పింది కాబట్టి ఏదో అర్థం ఉండే ఉంటుందనుకుంది.

మిల్లంటే ఊరికి మైలు దూరంలో, మద్రాసు రోడ్డు పక్కన ఉన్న నూలు మిల్లు. రామాంజనేయులు అందులో షిఫ్టు సూపర్వైజరు. చేరి ఆరు నెలలైంది. మేనేజరు రామచంద్రమూర్తి గారు మద్రాసు మనిషి. ఆయనకు గోల్ఫు అంటే ప్రాణం. ఈ నల్లరేగడి నేలల్లో ఆయనతో ఆడే మనిషి ఎక్కడ దొరుకుతాడు? అందుకని మిల్లు వెనక బీడు చదును చేయించి, నాలుగు జెండాలు పాతించి, కొత్తగా చేరిన కుర్ర సూపర్వైజర్లందరికీ తలా ఒక కర్ర ఇచ్చారు. జెండాల ముందు పెద్ద పెద్ద గోతులు తవ్వించి తెల్లగా నింపించారు కూడా.

"వాళ్లే గొయ్యి తవ్వి, వాళ్లే ఇసుక పోసి, అందులో పడ్డామని మళ్లీ వాళ్లే ఏడుస్తారా?" అన్నాడు మంచం మీద నుంచి ఆమె మొగుడు యలమందయ్య. ఆయన రోజుకు నాలుగైదు మాటల కంటే ఎక్కువ మాట్లాడడు. ఇవాళ్టివి అప్పుడే అయిపోయాయి.

"నవ్వులాట కాదు నాన్నా," అన్నాడు రామాంజనేయులు చెమట తుడుచుకుంటూ. "రేపు గుంటూరు నుంచి శేషాచలం గారని పెద్ద మిల్లు యజమాని వస్తున్నారు. సారూ, ఆయనా, నేనూ ఆడాలి. మిల్లు గోతిలో నాకు కర్ర ఎగిరెగిరి పడుతోంది. బంతి ఒక్కసారి కూడా రాలేదు. సోమవారం సారు నా ఉద్యోగం ఖాయం చేసే కాయితం మీద సంతకం పెట్టాలి. నిన్న నన్ను పిలిచి, 'గోతిలోంచి బంతిని తియ్యలేనివాడు షెడ్డులో వందమందిని ఏం నడుపుతాడయ్యా?' అన్నారు. అని, తన సొంత కర్ర ఇచ్చి, ఇంటికి తీసుకెళ్లి నేర్చుకోమన్నారు. లండన్ నుంచి తెచ్చుకున్నది. శాండ్ వెడ్జి అంటారు."

వెంకటరావమ్మ గబగబా లెక్క వేసుకుంది. ఆ ఏడు పత్తి చేలను తెల్లదోమ తినేసింది. మిరప సగమే కాసింది. ఇంట్లో నమ్ముకోదగింది వాడి నెల జీతం ఒక్కటే. ఆ జీతం ఇప్పుడు ఇసుకలో కూరుకున్న ఆ కోడిగుడ్డంత బంతి మీద ఆధారపడి ఉంది.

రామాంజనేయులు ఇంకో తొమ్మిది సార్లు కొట్టాడు. పదోసారి బంతి మెల్లగా లేచి తులసికోట పక్కన పడింది. వాడు పొంగిపోయి, "వచ్చిందమ్మా!" అన్నాడు. కర్రను తువాలుతో తుడిచి తలుపు వెనక ఆనించాడు. "షెడ్డుకి తీసుకెళ్తే నవ్వుతారు. సాయంత్రం వచ్చి మళ్లీ కొడతా. దాన్ని ఎవరూ తాకొద్దు," అని సైకిలెక్కి షిఫ్టుకి పోయాడు.

పదిసార్లకు ఒకసారి. వెంకటరావమ్మకు ఆ లెక్క నచ్చలేదు. పది వేట్లకు ఒక్క మట్ట తెగే గొడ్డలిని ఎవరైనా ఇంట్లో ఉంచుకుంటారా? ఆమె తలుపు వెనక్కి వెళ్లి, చెయ్యి తగలకుండా కొంగుతో పట్టుకుని ఆ కర్రను తిప్పి చూసింది. చూడగానే సంగతి తెలిసిపోయింది. అడుగు భాగం రోకలి మొనలా గుండ్రంగా, లావుగా ఉంది. పదునన్న మాటే లేదు.

పాపం పెద్దమనిషి, చూసుకోకుండా మొద్దుబారిన కర్ర ఇచ్చాడు. ఈ వెర్రినాగన్న అడగటానికి మొహమాటపడి తెచ్చుకున్నాడు. రేపు అందరి ముందూ బంతి రాదు. కాయితం మీద సంతకం పడదు. ఆ దిగులుతో వాడు అన్నం మానేస్తాడు, తర్వాత ఏ మఠంలోనో చేరిపోతాడు. కావి బట్టల్లో కొడుకు ఒక్క క్షణం ఆమె కళ్ల ముందు కనిపించాడు.

మట్టిలో దిగే ఇనుము ఏదైనా సరే, కొలిమి గడప తొక్కకుండా పనికి దిగకూడదు. పుట్టింట్లో, అత్తింట్లో ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఆమె గోతం విప్పి కొడవళ్ల పక్కన ఆ కర్రను కూడా పెట్టి మళ్లీ కట్టింది.

బుల్లయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంది రావమ్మక్కా, కొత్త పనిముట్టు?"

"మావాడి మేనేజరు గారిది. ఇసుకలో పనిచేసేది. అడుగు చూడు ఎట్లా ఉందో."

బుల్లయ్య బొటనవేలితో రాసి చూశాడు. "దీనికి వాదర అన్నది పుట్టినప్పటి నుంచీ లేదక్కా."

"చేసినోడు మర్చిపోయాడేమో."

"లండనోడు మర్చిపోతాడా?"

"లండనోడైతే మాత్రం మనిషి కాదా?"

అది నిజమే అనిపించింది బుల్లయ్యకు. "మెడ కూడా వాలిపోయి ఉంది. ఓ రెండు దెబ్బలేసి తిన్నగా చెయ్యమంటావా?"

"అమ్మో, మెడ జోలికి పోకు! మేనేజరు గారి వస్తువు. అడుగు ఒక్కటే చూడు. ఎంత అవసరమో అంతే." ఎదుటివాళ్ల వస్తువు విషయంలో తాను ఎంత జాగ్రత్తపరురాలో తలచుకుంటే ఆమెకే ముచ్చటేసింది.

బుల్లయ్య భార్య సాన చక్రం తిప్పింది. అరగంట పాటు నిప్పురవ్వలు లేచాయి. వెండిలా మెరిసే పైపూత పోయి లోపలి నల్ల ఇనుము బయటపడింది. గుండ్రటి అడుగు పలచబడి, పలచబడి, కత్తి అంచులా తేలింది. బుల్లయ్య దాంతో కొబ్బరి పీచు ఒకటి తెగ్గోసి చూపించాడు.

"గడ్డం గీసుకోవచ్చక్కా."

వెంకటరావమ్మకు ఎంత తేలిక అనిపించిందంటే, కత్తిపీట సంగతే మర్చిపోయింది. దాన్ని కొలిమి దగ్గరే వదిలేసి ఇంటికొచ్చేసింది.

సాయంత్రం రామాంజనేయులు వచ్చి, మొహం కడుక్కుని, తలుపు వెనక చెయ్యి పెట్టాడు. తర్వాత "అబ్బా!" అన్నాడు. వేలి చివర ఎర్రటి బొట్టు.

"చూశావా ఎంత పదునుందో!" అంది తల్లి. ఆమె గొంతులో గర్వం వినిపించి చాలా ఏళ్లైంది.

వాడు కర్రను వెలుతురులోకి తెచ్చుకుని చూశాడు. చూసి ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. అరవలేదు. అరిస్తే బాగుండు అనిపించింది ఆమెకు.

"అమ్మా, దీని గొప్పంతా ఆ లావులోనే ఉందమ్మా. షాపులో పలచటి అడుగుదీ, లావుపాటి అడుగుదీ రెండూ చూపించారంట. పలచటిదైతే ఇసుకలో దిగబడిపోతుందని సారు ఏరికోరి లావుది తెచ్చుకున్నారు. ఆ లావు ఉంటేనే ఇసుక మీద పడవ అడుగులాగ జారుతుంది. జారుతూ బంతిని లేపుతుంది. పోయినేడు ఇంతకంటే లావుది ఇంకోటి కొనుక్కుని, ఈ పాతదాన్ని నా చేతిలో పెట్టారు. ఎంత నమ్మకం ఉంటే పెట్టారు!"

"మరి ఆ ముక్క పొద్దున చెప్పొద్దూ?"

"తాకొద్దని చెప్పాగా!"

"తాకలేదురా. కొంగుతో పట్టుకున్నా."

వాడు లేచి, చివరి ఆశగా ఇసుకలో ఒక దెబ్బ వేశాడు. ఇనుము మెడదాకా దిగిపోయింది. వాడు చెయ్యి వదిలేసినా కర్ర అలాగే నిటారుగా నిలబడి ఉంది.

"నాటుకుంది," అన్నాడు యలమందయ్య. "నీళ్లు పొయ్యండి."

వెంకటరావమ్మకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. గోడకు చేరగిలబడింది. ఆమె ఆలోచన ఉద్యోగం పోవడం దగ్గర ఆగలేదు. పోలీసులు వచ్చారు, జీపు కల్లంలో మిరపకాయల మీద నుంచి పోయింది, బుల్లయ్య సాక్షి సంతకం పెట్టాడు. "నేనే వెళ్లి మేనేజరు గారి కాళ్ల మీద పడతా," అంది.

"వద్దమ్మా తల్లీ. ఇప్పటికి చేసింది చాలు."

అప్పుడు యలమందయ్య మరునాటి మాటల్లోంచి కొన్ని ముందే వాడేశాడు. "తీసేసిన ఇనుము తిరిగి రాదు. లావే కావాలంటే లక్కతో పెట్టొచ్చు. కొడవలి పిడిలో లక్క పోసి బిగించట్లా?"

ఆదివారం తెల్లవారగానే వెంకటరావమ్మ మళ్లీ కొలిమి దగ్గర ఉంది. బుల్లయ్య లక్క కరిగించి, ఇటుక పొడి కలిపి, కర్ర అడుగున ముద్దగా అతికి, తడి బొటనవేలితో నునుపు చేశాడు. దాని మీద కిటికీ ఊచలకు వేసే వెండిరంగు పూశాడు. దూరం నుంచి చూస్తే మునుపటిలాగే ఉంది. దగ్గర్నుంచి చూస్తే కిటికీ ఊచలా ఉంది.

"ఒకటే మాటక్కా. ఎండలో పెట్టొద్దు, మెత్తబడుద్ది. గట్టిగా కొట్టొద్దు, ఊడిద్ది."

"కొట్టకుండా ఎట్లా? అది కొట్టే కర్రేగా?"

"అది నాకు తెలియదు. నేను చెప్పాల్సింది చెప్పా."

ఆమె ఇంటికి చేరేసరికి రామాంజనేయులు సైకిలు మీద కాలేసి సిద్ధంగా ఉన్నాడు. కర్ర అందుకుంటుంటే ఆమె చెప్పడం మొదలుపెట్టింది. లారీలకు ఎడంగా వెళ్లమంది. ఉత్త కడుపుతో ఎండలో ఆడొద్దంది. పెద్దవాళ్ల కంటే ముందు నవ్వొద్దంది. మిల్లు కుళాయి నీళ్లు తాగొద్దంది. వాడు అన్నిటికీ "సరేనమ్మా, సరేనమ్మా" అంటూ పెడలు తొక్కేశాడు. ఎండలో పెట్టొద్దన్న మాట జాబితాలో చివర ఉండిపోయింది. అది నోటి దాకా వచ్చేసరికి వాడు మలుపు తిరిగిపోయాడు.

ఆమె ఆకాశం చూసింది. మార్చి నెల. ఎనిమిదన్నా కాకముందే ఎండ చుర్రుమంటోంది. కల్లంలో మిరపకాయలకు ఇంతకంటే మంచి ఎండ ఉండదు. లక్కకు ఇంతకంటే చెడ్డ ఎండా ఉండదు.

వెంకటరావమ్మ ఒక తువాలు తడిపి చెంబులో కుక్కింది. ఉత్తచేతులతో పోతే బాగుండదని బిందెడు మజ్జిగ చిలికి, ఉప్పు, కరివేపాకు వేసి నెత్తికెత్తుకుని, మైలు దూరం నడిచింది. మోకాళ్లు నొప్పి. అయినా తల్లులకు ఆదివారం లేదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మిల్లు వెనక మొదటి గోతి దగ్గర వాచ్‌మన్ గౌస్ బాషా రబ్బరు పైపుతో నీళ్లు పడుతున్నాడు.

"ఏందయ్యా బాషా, ఇసుకకు నీళ్లు పెడుతున్నావు?"

"సారు చెప్పారు పిన్నమ్మా. పెద్దోళ్ల బూట్లకి దుమ్ము అంటకూడదంట. రెణ్ణెల్ల నుంచి పొద్దునా సాయంత్రం తడుపుతున్నా. అయినా ఇది ఇసుక ఎక్కడిది? తెల్లగా ఉండాలని మార్టూరు నుంచి రాళ్లు నునుపు చేసే మిషన్ల కాడ పొడి తోలించారు. తడిసీ ఎండీ గచ్చయిపోయింది. పైన చారెడు ఇసుక చూపుకే చల్లాం."

"ఈ సంగతి సారుకి చెప్పలా?"

"తడపమన్నారు, తడుపుతున్నా. గచ్చయిందా అని అడగలేదు."

ఆమె మనసు ఈ మాట మీద లేదు. గోతికి అవతల ముగ్గురు నిలబడి ఉన్నారు. తెల్ల ప్యాంటు, తెల్ల టోపీలో రామచంద్రమూర్తి గారు. పంచె కట్టు మీద బూట్లు తొడుక్కున్న బొద్దుపాటి పెద్దాయన, శేషాచలం గారు. వాళ్ల వెనక పాలిపోయిన మొహంతో కొడుకు. కర్రల సంచీ మండుటెండలో ఉంది. వెండిరంగు తళతళా మెరుస్తోంది. అంచున నల్లగా ఒక చుక్క కిందికి జారుతోంది.

వెంకటరావమ్మ బిందె దించి, గబగబా వెళ్లి ఆ కర్ర తలకు తడి తువాలు చుట్టేసింది.

"ఎవరమ్మా నువ్వు? ఏం చేస్తున్నావు?" అన్నారు మేనేజరు గారు.

"రామాంజనేయులు తల్లినండి. కర్ర వేడెక్కుద్దని బాబుగారూ."

శేషాచలం గారు మెచ్చుకోలుగా తలూపారు. "మూర్తిగారూ, మీ దగ్గర కర్రలకి కూడా సేవలు బాగున్నాయే!"

ఆ మాటకు మేనేజరు గారు ఉబ్బి కొట్టిన దెబ్బకు బంతి తిన్నగా వెళ్లి గోతిలో పడింది. ఆయన ఏమీ కంగారు పడలేదు. "ఇలాంటప్పుడే వెడ్జి విలువ తెలిసేది," అంటూ తన కొత్త లావుపాటి కర్ర తీసుకుని గోతిలోకి దిగారు. "చూడు రామాంజనేయులూ, అడుగు ఎంత లావుంటే అంత మంచిది. భుజం వదులు చెయ్యాలి. బంతిని చూడకు, వెనక ఇసుకని చూడు."

ఠంగుమంది. కర్ర గచ్చు మీద నుంచి ఎగిరి బంతి నెత్తి మీద పడింది. బంతి గోడ దాటి పక్క కల్లంలోకి దూసుకుపోయింది. అవతల తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు ఎవరి తల్లినో తలుచుకున్నారు.

ఆయన ఇంకో బంతి వేసుకున్నారు. ఠంగ్. ఇంకోటి. ఠంగ్. గోడ అవతల తిట్లు పెరిగాయి. ఒక బంతి తిరిగి వచ్చింది, విసిరినట్టు.

శేషాచలం గారు మర్యాదగా దగ్గారు. "బంతులు ఎన్ని తెచ్చారు మూర్తిగారూ?"

మేనేజరు గారి చెవులు ఎర్రబడ్డాయి. "ఈ కొత్తది నా చేతికి అలవాటు కాలేదు. రామాంజనేయులూ, నా పాతది ఇలా తే."

రామాంజనేయులు కదల్లేదు. వాడికి వినపడనట్టుంది. వెంకటరావమ్మకు వినపడింది. ఆమె మజ్జిగ గ్లాసు పట్టుకుని గోతికీ కర్రకీ మధ్యలో నిలబడింది.

"ఎండనపడి ఉన్నారు. ముందు మజ్జిగ పుచ్చుకోండి బాబుగారూ."

ఆయన పెద్దమనిషి కాబట్టి తాగారు. ఆమె ఇంకో గ్లాసు ముంచింది. అదీ తాగారు. మూడోది ముంచుతుంటే, "అమ్మా, ఇంక తాగితే నేను కొట్టలేను," అన్నారు.

"కొట్టకపోతే ఏం బాబుగారూ? నీడన కూచోండి."

ఆయన తనే వెళ్లి తువాలు విప్పి కర్ర తీసుకున్నారు. వెంకటరావమ్మ కళ్లు మూసుకుంది.

మొదటి దెబ్బకు లక్క ముద్ద ముద్దగా ఊడి, వెండిలా మెరుస్తూ గాలిలో తిరిగి, శేషాచలం గారి బూటు ముందు పడింది. బంతి కదల్లేదు. ఊడిన ముద్దతోపాటే తన కొడుకు ఉద్యోగం కూడా ఎగిరిపోవడం ఆమె కళ్లు మూసుకునే చూసింది.

శేషాచలం గారు వంగి చూశారు. "ఇదేమిటి?"

రామాంజనేయులు సంచీలో కర్రలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"మట్టి బెడ్డండి," అంది తల్లి.

"మట్టికి వెండిరంగు ఉంటుందా?"

"మా ఊరి మట్టి అంతేనండి."

మేనేజరు గారు ఇదేమీ పట్టించుకునే స్థితిలో లేరు. పళ్లు బిగించి, భుజం వదులు చెయ్యడం లాంటివన్నీ మర్చిపోయి, ఇంకోసారి కొట్టారు. ఈసారి ఠంగుమనలేదు. కసుక్కుమంది. కత్తిపీట మీద దోసకాయ తెగినట్టు గచ్చు పై పెచ్చు తెగింది. పెచ్చుతో సహా బంతి మెత్తగా పైకి లేచి, జెండాకు జానెడు దూరంలో పడి, ఇక కదలకుండా ఆగిపోయింది.

గౌస్ బాషా పైపు నీళ్లు తన కాళ్ల మీదే పోసుకుంటున్నాడు.

మేనేజరు గారు కర్రను తిప్పి చూశారు. వేలితో రాశారు. ఎర్రటి బొట్టు వచ్చింది. గోతిలోంచి తల పైకెత్తి, చాలా నెమ్మదిగా, "దీన్ని ఎవరు ఇలా చేశారు?" అన్నారు.

"నేనే సార్," అన్నాడు రామాంజనేయులు.

"కాదండి," అంది వెంకటరావమ్మ. "వాడు తాకొద్దనే చెప్పాడు. నేనే కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి సాన పట్టించా. మట్టిలో దిగేది మొద్దుగా ఉంటే ఎట్లా అనుకున్నా. నాకు తెలిసింది అంతే బాబుగారూ. నన్ను ఏమన్నా అనండి. వాడి కాయితం మీద సంతకం మాత్రం ఆపొద్దు."

మేనేజరు గారు నోరు తెరిచారు. ఆయన ఏం అనబోయారో ఎవరికీ తెలియదు. ఎందుకంటే శేషాచలం గారు అప్పటికే గోతిలోకి దిగి, ఆయన చేతిలోంచి కర్ర లాక్కుని, ఆశగా చూస్తున్నారు.

"మూర్తిగారూ, మీరు సామాన్యులు కారండీ! నేల గట్టిగా ఉన్నచోట పలచటి అడుగే కావాలని రెండేళ్లుగా మా వాళ్లతో మొత్తుకుంటున్నా. ఎవడూ వినడు, మన దగ్గర ఎక్కడా దొరకదు. మీరు ఏకంగా ఇక్కడే చేయించుకున్నారే! ముందు లావుదాంతో మూడుసార్లు తప్పించి, ఆ తర్వాత దీంతో కొట్టి చూపించడం ఉంది చూశారూ, అదీ చమత్కారం!"

మేనేజరు గారి నోరు తెరిచింది తెరిచినట్టే కాసేపు ఉంది. తర్వాత చిరునవ్వులోకి మారింది.

"ఇక్కడి నేల స్వభావం అలాంటిదండీ," అన్నారు టోపీ సర్దుకుంటూ. "చాలా రోజులు ఆలోచించి చేయించాను. మావాడు రామాంజనేయులు దగ్గరుండి చూసుకున్నాడు. నమ్మకమైన కుర్రాడు."

శేషాచలం గారు లక్క ముద్దను కూడా జేబులో వేసుకున్నారు, ఇదీ అందులో భాగమేమోనని.

సోమవారం కాయితం మీద సంతకం పడింది. రామాంజనేయులు స్వీటు పొట్లం తెచ్చాడు. వెంకటరావమ్మ కాయితాన్ని మూడుసార్లు కూడబలుక్కుని చదివి, సంతకం కింద తేదీ సరిగ్గా ఉందో లేదో నాలుగోసారి చూసి, దేవుడి పటం వెనక పెట్టింది. ఆ పటం వెనక ఎలుకలు ఉంటాయేమోనని సాయంత్రానికి తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. కత్తిపీట ఇంకా బుల్లయ్య దగ్గరే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాతి శనివారం పొద్దున ఆమె గోతం తీసుకుని గడప దాటబోతుంటే మిల్లు జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. గౌస్ బాషా సంచీ దించాడు. అందులో పదకొండు కర్రలు.

"సారు పంపారు పిన్నమ్మా. అన్నిటికీ అట్లాగే పదును పెట్టించమన్నారు. దగ్గరుండి నువ్వే చూసుకోవాలంట. ఇంకెవరి చేతా వద్దన్నారు."

"వేరే పనులకు వాడే కర్రలు కూడానా?"

"అన్నీనంట."

ఈ పదకొండూ ఇసుకలో దిగేవి కావని, గడ్డి మీద జారేవని ఈ పాటికి కొడుకు నోట విని ఉంది. పదును పెడితే ఏం జరుగుతుందో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనపడింది. పెట్టనంటే ఏం జరుగుతుందో కూడా కనపడింది. ఆమె సంచీని భుజానికెత్తుకుని, పదడుగులకొకసారి ఆగుతూ ఊరి చివరికి నడిచింది.

బుల్లయ్య సాన చక్రం మీద చెయ్యేసి, "ఎంత పలచన చెయ్యమంటావు అక్కా?" అన్నాడు.

"చక్రం జోలికి పోకు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి పెట్టు. చక్రం చప్పుడు మాత్రం కాస్త బయటికి వినపడేట్టు తిప్పించు, జీపు ఇంకా రోడ్డు మీదే కాచుకుని ఉంది."

ఆదివారం ఆడి వచ్చిన రామాంజనేయులు, ఇప్పుడు అన్ని కర్రలూ మునుపటికంటే భలే పదునుగా ఉన్నాయని సారు చెప్పమన్నారని చెప్పాడు.